సద్ది డబ్బా చెప్పిన అర ఓమ్

కరెంటు ఉద్యోగంలో కొత్తగా చేరే పిల్లలు ఈమధ్య నన్ను చూడటానికి వస్తున్నారు. జేబులో కొత్త పెన్ను, చంకలో డిప్లొమా కాగితం, నోట్లో ఓమ్ సూత్రం. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం, హెచ్చిస్తే వాట్లు, అంతే కద సార్, అంటారు. అంతే నాయనా. ఈ భాగహారం, ఈ హెచ్చింపు కిరాణా కొట్టు శెట్టిగారు నీకంటే తొందరగా చేస్తాడు. మరి ఆయనకు ఇవ్వకుండా ఈ ఉద్యోగం నీకెందుకు ఇచ్చారని ఎప్పుడైనా ఆలోచించావా? నేను ఆలోచించలేదు. ఆలోచించకుండానే పన్నెండేళ్లు సార్ అనిపించుకున్నాను.

నా ప్రమోషన్ల సంగతి ఇక్కడ రాయను. అవి ఎప్పుడు వచ్చాయో, ఎప్పుడు ఆగాయో నాకంటే మా హెడ్ గుమస్తాకే బాగా తెలుసు. నాకు పని నేర్పిన మనిషి గురించి, నేను చేసిన ఒక ఘనకార్యం గురించి, దానివల్ల రోడ్డున పడ్డ ఒక పంపు ఆపరేటర్ గురించి రాస్తాను. ఇందులో నన్ను నేను మెచ్చుకునే సందర్భం దాదాపు లేదు. ఉన్న ఒక్కటీ ఒక మల్లవ్వ దయవల్ల వచ్చింది.

ఖాదర్ మియా చెయ్యి

పోలీసు చర్య జరిగి ఏడాది కూడా కాలేదు. కరీంనగర్‌లో డీజిలు ఇంజనుతో నడిచే చిన్న పవర్‌హౌసులో పనికి కుదిరాను. నేను చదివింది ఉర్దూలో. నిరోధాన్ని ముజాహమత్ అనేవాళ్లం. ఆ మాట పలికితేనే సగం విద్య వచ్చినట్టు గర్వంగా ఉండేది. అక్కడి మిస్త్రీ ఖాదర్ మియాకు ఆ మాట ఎందుకూ అక్కరలేదు. సంతకం తప్ప అక్షరం రాదు. పొద్దున వస్తూనే స్విచ్చు పెట్టెలన్నిటి ముందూ నడుస్తూ, ఒక్కొక్కదాని ఇనుప ఒంటికి కుడిచేతి వెనక భాగం ఆనించి చూసేవాడు. అరచెయ్యి కాదు, వెనక భాగం. పెట్టెకు కరెంటు కొడుతుంటే ముడుచుకునే వేళ్లు దాన్ని పట్టుకోకుండా ఇవతలికే వస్తాయని.

"పహలే హాత్, బాద్ మే మీటర్," అనేవాడు. ముందు చెయ్యి, తర్వాత మీటరు. ఒకరోజు నేను నవ్వాను. "చెయ్యి ఎన్ని వోల్టులో చెప్తదా మియాసాబ్?" అన్నాను.

"చెప్పదు బేటా. ఎక్కడ అడగాల్నో చెప్తది," అన్నాడు.

నేను ఈ మాటను చుట్టుపక్కల వాళ్లకు చెప్పి మళ్లీ నవ్వించాను. చదువురాని మిస్త్రీ మీద చదువుకున్నవాడు నవ్వడం మా కరెంటు శాఖలో పాత ఆచారం. ఇప్పటికీ ఎవరూ మానలేదు.

కుర్చీలో కొలతలు

తర్వాత నాకు డిప్లొమా వచ్చింది, ఓవర్సీయర్ ఉద్యోగం వచ్చింది, చెన్నూరు దిక్కు గనుల ఊరికి బదిలీ అయింది. రాష్ట్రం పేరు ఆంధ్రప్రదేశ్ అయింది. ఉర్దూ కాగితాలు పోయి ఇంగ్లీషు కాగితాలు వచ్చాయి. ముజాహమత్ పోయి రెసిస్టెన్స్ వచ్చింది. మారనిది ఒక్కటే, కొలవకుండా రాయడం.

మీరు నమ్మరు గానీ, మా వాళ్లలో సగంమంది ఒక్క కేబులును కూడా జన్మలో కొలవలేదు. కేబులు పొడవు తెలుసు, గజానికి ఎంత నిరోధమో పుస్తకంలో పట్టీ ఉంటుంది. రెండూ హెచ్చిస్తే ఒక అందమైన అంకె వస్తుంది. దాన్ని పరీక్ష కాగితంలో "కొలిచిన నిరోధం" అన్న గడిలో నల్ల సిరాతో రాస్తే పని అయిపోయింది. వోల్టులు కావాలంటే బోర్డు మీద రాసి ఉంటాయి, ఆంపియర్లు కావాలంటే మోటారు పలక మీద కొట్టి ఉంటాయి. వాటిని హెచ్చించి, భాగించి, దశాంశ బిందువు తర్వాత మూడు అంకెలదాకా లాగేవాళ్లు. లోపల ఒక్క అంకె నిజం కాదు, కానీ మూడు దశాంశాలు! పెళ్లి చూపులకు వెళ్లకుండానే అమ్మాయి పొడుగు, రంగు, వంట గురించి ఊరంతా చెప్పే పెళ్లిళ్ల పేరయ్యలు మా కంటే నయం. వాళ్లు దశాంశాలు వెయ్యరు.

ఇంత వెటకారంగా రాస్తున్నానంటే నేను అలాంటివాణ్ని కాదనుకునేరు. వాళ్లందరిలో మొదటి వరస నాదే.

వాగు పక్కన గది

గనుల ఊరికి తాగే నీళ్లు గోదావరి నుంచి వచ్చేవి. ఒడ్డున పంపుహౌసు. దానికి కరెంటు మా సబ్‌స్టేషను నుంచి దాదాపు నాలుగు వందల గజాల భూమి కేబులు ద్వారా వెళ్లేది. మధ్యలో ఒక చిన్న వాగు. వాగు పక్కన తలుపు లేని ఇటుక గది ఒకటి. అందులో జానెడెత్తు అరుగు మీద పెద్ద పోత ఇనుప పెట్టె. సబ్‌స్టేషను నుంచి వచ్చే కేబులు, పంపుహౌసుకు పోయే కేబులు ఆ పెట్టెలోనే అతుకు పడ్డాయి. లోపల మూడు తీగల అతుకులు, చుట్టూ కరిగించి పోసిన తారు లాంటి నల్లటి కీలు. అందులో తిరిగే చక్రం లేదు, వెలిగే దీపం లేదు. కాబట్టి దాన్ని చూడాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు.

ఆ అతుకు వేసింది కంట్రాక్టరు మనుషులు. పంపుహౌసు తెరవడానికి పెద్దవాళ్లు వస్తున్నారని తొందర. వానలో తడుస్తూ వేశారు. పరీక్ష కాగితం మీద సంతకం నాది. కొలిచిన నిరోధం, తీగకు ఓమ్‌లో పదోవంతు. ఆ అంకెను నేను చాయ్ హోటలు బల్ల మీద, పట్టీ చూసి, ఉస్మానియా బిస్కట్ నములుతూ కొలిచాను.

వరద తీసిన తర్వాత ప్రతి ఏడూ పంపు నీళ్లు గుంజుకునే చోట ఇసుక మేట వేస్తుంది. దాన్ని తట్టలతో ఎత్తిపోయడానికి చెన్నూరు వైపు పల్లెల నుంచి పదిమంది ఆడవాళ్లు వచ్చేవాళ్లు. వాళ్ల పెద్ద మల్లవ్వ. నలభై దాటిన మనిషి, మాట గట్టి. ఒక చలికాలం పొద్దున నేను ఆ గది పక్కగా పోతూ లోపలికి తొంగి చూస్తే, పోత ఇనుప పెట్టె మీద వరసగా సద్ది డబ్బాలు. పైన గోడ మీద పుర్రె బొమ్మతో అపాయం బోర్డు, దాని కింద పది అల్యూమినియం డబ్బాలు. నా ఒళ్లు మండిపోయింది.

"ఎవరియివి? గిది కరెంటు పెట్టెనా, మీ ఇంటి పొయ్యా?" అని అరిచాను.

మల్లవ్వ తట్ట దించి పరుగున వచ్చింది. "తప్పైంది సారూ. చలికి రొట్టె కట్టెలెక్క అయితుంది. జర..."

"జర లేదు, గిర లేదు. మళ్ల కనబడితే అందరినీ పనిలకెల్లి తీసేస్త!" అని, చేతికి అందిన డబ్బాను కాదు, కాలికి అందిన డబ్బాను ఒక్క తన్ను తన్నాను. అది గోడకు కొట్టుకుని సొట్టపోయింది. జొన్నరొట్టె, ఎర్రకారం మట్టిలో పడ్డాయి. వాళ్లు ఒంగి ఏరుకున్నారు.

చదివేవాళ్లకు ఒక మాట. "మీ ఇంటి పొయ్యా" అన్నది నేనే. నా ప్రశ్నలోనే జవాబు ఉంది. పదిమంది ఆడవాళ్లు ఇసుకలో అంత దూరం నడిచి వచ్చి, ఊరికే ఆ ఇనుప పెట్టె మీదనే డబ్బాలు ఎందుకు పెడతారు? చెయ్యి చాపి వెనక భాగం ఒక్కసారి ఆనించి ఉంటే ఖాదర్ మియా దగ్గర తిన్న ఉప్పుకు న్యాయం జరిగేది. నేను క్రమశిక్షణ కాపాడి, ఛాతీ విరుచుకుని వెళ్లిపోయాను. ఆ రోజు నుంచి నేను వస్తుంటే దూరంగా ఉండే ఆడమనిషి ఎవరో కూత వేసేది, లోపలి డబ్బాలు మాయమయ్యేవి. అంటే నాకు నిజం చెప్పే ఒకే ఒక్క సాక్షిని నేనే తన్ని తరిమేశాను.

రెండు మోటార్లు

మరుసటి ఏడు దీపావళి దాటాక పంపు మోటారు కాలింది. దాని స్థానంలో స్పేరు మోటారు ఎక్కించాం. ఇరవై రోజులకు అదీ కాలింది. గనుల ఊళ్లో నీళ్లకు లారీల ముందు బిందెల వరసలు, తిట్లు. పైనుంచి రోజుకు మూడు ఫోన్లు. ఎవరో ఒకరు తప్పు చేసి ఉండాలి. పెద్దవాళ్లు చెయ్యరు, కాబట్టి చిన్నవాళ్లు చేసి ఉండాలి.

పంపు ఆపరేటరు పోశయ్య. ముప్పై ఏళ్లుంటాయి. మాట తక్కువ, పని శుభ్రం. గనుల ఊళ్లో రెండు గదుల క్వార్టరులో భార్య లచ్చవ్వ, ఇద్దరు ఆడపిల్లలు. మొదటి మోటారు కాలడానికి వారం ముందే సబ్‌స్టేషనుకు ఫోను చేశాడు.

"సారూ, మోటరు సప్పుడు మంచిగ లేదు. బండి గుంజలేక ఎద్దు మూల్గినట్టు గురగుర అంటుంది. జర వచ్చి సూడుండ్రి."

నేను కూర్చున్న చోటునుంచే తల తిప్పి మా బోర్డు చూశాను. వోల్టులు నాలుగు వందలు. "వోల్టేజి బరాబర్ ఉన్నది. నీకు చెవుల సప్పుడు," అని ఫోను పెట్టేశాను. ఆ నాలుగు వందలు నా గోడ మీద ఉన్నాయి, అతని మోటారు దగ్గర కాదు. మధ్యలో నాలుగు వందల గజాల భూమి ఉంది. ఈ ముక్క తెలియడానికి డిప్లొమా అవసరం లేదు. డిప్లొమా ఉన్నా తెలియకపోవచ్చునని నేను రుజువు చేశాను.

మా బోర్డు మీద అమ్మీటరు ఒక్కటే, మూడు తీగల్లో ఒక్క దానికే. ముల్లు నలభై ఆంపియర్లు చూపేది. మోటారు పలక మీద ముప్పై నాలుగు. నేను రెండు మోటార్ల చావుకూ కారణం అరగంటలో తేల్చాను. వోల్టులు సరిగ్గా ఉన్నాయి, ఆంపియర్లు ఎక్కువ. హెచ్చిస్తే మోటారు తన శక్తికంటే ఆరోవంతు ఎక్కువ మోస్తోంది. మోసేలా చేసింది ఎవరు? ఆపరేటరు. నీళ్లు కారకుండా పంపు ఇరుసు చుట్టూ బిగించే గ్లాండును సోమరితనంతో గట్టిగా బిగించి, ఇరుసును పట్టేసేలా చేశాడు. మూడు పేజీల రిపోర్టు. అందులో లెక్కలు ముత్యాల్లా ఉన్నాయి.

విచారణ రోజు పోశయ్య నా ముందు నిలబడి, "గ్లాండు నేను బిగియ్యలే సారూ. నీళ్లు బొట్టుబొట్టు కారేటట్టే ఉంచిన. మా అవ్వ తోడు," అన్నాడు.

"మరి అమ్మీటరు అబద్ధమాడ్తదా?" అన్నాను.

అతను అమ్మీటరు కంటే మనిషిని నమ్మండి అనలేదు. అనే హోదా అతనికి లేదు. పని నుంచి ఆపేశారు. నెలాఖరుకల్లా క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు, ఆ తర్వాత పూర్తిగా తీసేసే ఉత్తర్వు వస్తుందన్నారు. లచ్చవ్వ మా ఇంటికి వచ్చి వాకిట్లో నిలబడింది. నేను లోపల ఉండి, లేనని చెప్పించాను.

వేడి రొట్టె

మూడో మోటారును ఎక్కడినుంచో అరువు తెచ్చి ఎక్కించాం. అదీ కాలితే ఇక లేదు. నన్ను పంపుహౌసు దగ్గరే ఉండి చూసుకొమ్మన్నారు. ఆ మధ్యాహ్నం ఇంటినుంచి అన్నం తెచ్చే మనిషి రాలేదు. పుష్యమాసపు చలి. గోదావరి గాలి ఎముకలు కొరుకుతోంది. ఇసుక ఎత్తే ఆడవాళ్లు ఒడ్డున కూర్చుని తింటున్నారు. నేను మొహం అటు తిప్పుకుని నిలబడ్డాను, కానీ ఆకలి మొహంలో కనబడకుండా ఆపడం నాకు రాలేదు.

మల్లవ్వ లేచి వచ్చింది. "తినుండ్రి సారూ. మాది రొట్టెనే, మీకు పోతదో పోదో," అని డబ్బా మూతలో రెండు జొన్నరొట్టెలు పెట్టి ఇచ్చింది. గోడకు కొట్టుకుని సొట్టపోయిన డబ్బా. ఏ డబ్బానో ఆమె చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు.

రొట్టె తుంచాను. వేడిగా ఉంది. వెచ్చగా కాదు, వేలు చురుక్కుమనేంత వేడి.

"పొయ్యి ఎక్కడ పెట్టిండ్రు?" అని అడిగాను. ఒకామె, "ఎండల పెట్టినం సారూ," అంది. నేను డబ్బాను తడిమి చూశాను. పైన చల్లగా ఉంది, అడుగు కాలుతోంది. సూర్యుడు కింది నుంచి కాస్తాడా?

మల్లవ్వ కొంగు నడుముకు దోపి నా ఎదురుగా నిలబడింది. "ఏం జేస్తవ్ సారూ, మళ్ల తంతవా? గా పెట్టె మీదనే పెట్టినం. పోయిన ఏడు పొద్దుగాల పెడితే పగటీలికి జర గోరువెచ్చగ అయితుండె. గీ ఏడు దీపావళి సంది మస్తుగ ఉడుకుతుంది. ఇప్పుడైతే రెండు తట్టలు ఎత్తి వచ్చేసరికి కాలుతుంది. కింద తడిపిన గోనె ఎయ్యకుంటే రొట్టె మాడుతది. అయినా పంపు నడిసినప్పుడే సారూ. పంపు ఆగితే అదీ సల్లబడ్తది."

రెండేళ్ల పాటు ఒక అతుకు ఎలా చెడిపోతూ వచ్చిందో, ఎప్పుడు వేగం పుంజుకుందో, కరెంటు పారినప్పుడే వేడెక్కుతుందని కూడా, ఒక్క మీటరు లేకుండా ఆ మనిషి నా ముందు చదివి వినిపించింది. అంత శుభ్రమైన పరీక్ష నివేదిక నా సర్వీసులో ఏ ఇంజనీరూ నాకు ఇవ్వలేదు.

"మరి ఎన్నడు చెప్పకపోతిరి?" అన్నాను. ఎంత సిగ్గులేని ప్రశ్నో చూడండి.

"మీరు అడిగితిరా?" అంది మల్లవ్వ.

నేను గదికి పరుగెత్తాను. గోనె తీసి చేతి వెనక భాగం పెట్టాను. పెట్టిన వేగంతోనే తీశాను. పెట్టె కింది అంచు నుంచి కీలు కరిగి, కారి, అరుగు మీద నల్లటి నాలుకలా గడ్డకట్టి ఉంది. పంపు వెంటనే ఆపించాను.

లారీ బ్యాటరీ

లెక్క అప్పుడు చేశాను. పన్నెండేళ్లలో మొదటిసారి కొలిచి చేశాను. నీళ్ల లారీ డ్రైవరును బతిమాలి బ్యాటరీ విప్పించాను. సరఫరా రెండువైపులా తెంపి, పంపుహౌసు చివర రెండేసి తీగలను కలిపి, ఈ చివర బ్యాటరీ పెట్టాను. మధ్యలో కరెంటు పొయ్యి తీగచుట్ట ఒకటి వేసి ఐదు ఆంపియర్లకు సరిచేశాను.

ఎరుపు, పసుపు తీగలు కలిపితే వాటి ఈ చివరల మధ్య ఒక వోల్టు. ఐదుతో భాగిస్తే ఓమ్‌లో ఐదోవంతు, అంటే తీగకు పదోవంతు. పుస్తకం చెప్పినట్టే. పసుపు, నీలం కలిపితే మూడున్నర వోల్టులు. ఎరుపు, నీలం కలిపినా మూడున్నర. భాగిస్తే పదింట ఏడు. అంటే నీలం తీగ ఎక్కడుంటే అక్కడ అర ఓమ్ అదనంగా వస్తోంది. ఆ అర ఓమ్ కూర్చున్న చోటు మల్లవ్వ పొయ్యి.

అర ఓమ్ అంటే కాగితం మీద దుమ్ము లాంటిది. కానీ పంపును ఒక్క నిమిషం నడిపించి కొలిస్తే ఆ తీగలో ముప్పై రెండు ఆంపియర్లు పోతున్నాయి. అర ఓమ్ గుండా ముప్పై రెండు పోతే పదహారు వోల్టులు అక్కడే ఊడిపోతాయి. పదహారును ముప్పై రెండుతో హెచ్చిస్తే ఐదు వందల పన్నెండు వాట్లు. మోటారుకు ఒక తీగలో వోల్టులు తగ్గితే మిగతా రెండు తీగలు ఆ భారం మోస్తూ ఎక్కువ కరెంటు గుంజుతాయి. నా బోర్డు మీది ఒక్కగానొక్క అమ్మీటరు ఎరుపు తీగది. అందుకే నలభై చూపింది. అమ్మీటరు అబద్ధం చెప్పలేదు. దాన్ని అడగాల్సిన ప్రశ్న నేను అడగలేదు. పోశయ్య విన్న మూలుగు నిజం.

మా పెద్దసారు కోస్తా వైపునుంచి వచ్చిన ఇంజనీరు. మడత నలగని ప్యాంటు, ఇసుక అంటని బూట్లు. ఆయన్ను గదిదాకా నడిపించాను.

"ఏమయ్యా, అర ఓమా? అర ఓమ్ కోసం నన్ను ఈ ఇసుకలో నడిపించావా?" అన్నాడు.

"అర ఓమే సార్. కానీ ఐదు వందల పన్నెండు వాట్లు. మీ ఇంట్లో ఇస్త్రీపెట్టె అంత. దాన్ని ఈ పెట్టెలో పెట్టి, పంపు నడిచినంతసేపూ ఎవరూ ఆపకుండా ఉంచినం."

"రిపోర్టు రాసింది నువ్వే. తప్పంటున్నదీ నువ్వే. పైవాళ్లకు నేనేం చెప్పాలి?"

"ఓవర్సీయరు గాడిద అని చెప్పుండ్రి," అన్నాను. అధికారికి ఇచ్చిన జవాబుల్లో నేను ఇప్పటికీ సిగ్గుపడనిది ఇదొక్కటే.

ఆయన ముందే పెట్టె విప్పించాను. ఎరుపు, పసుపు అతుకులు మెరుస్తున్నాయి. నీలం అతుకులో, రెండు తీగలను కలిపే గొట్టంలోకి, సీసం సరిగ్గా పారనే లేదు. తీగ నల్లగా కాలి, గొట్టంలో వదులుగా, వేలితో కదిపితే కదులుతోంది. పెద్దసారు చాలాసేపు చూసి, పరీక్ష కాగితం మీద సంతకం ఎవరిదని అడిగాడు. నాదని చెప్పాను. ఎంత కొలిచావన్నాడు. కొలవలేదని చెప్పాను. ఆయన మొహంలో నాకు కోపం కనబడలేదు, భయం కనబడింది. ఆయన సంతకాలు ఎన్ని అలాంటివో ఆయనకు గుర్తొచ్చి ఉంటాయి. అందుకేనేమో నా మీద పెద్దగా చర్య లేదు. పోశయ్యను "హెచ్చరికతో" తిరిగి తీసుకున్నారు. ఎందుకు హెచ్చరిక? పెట్టె వేడెక్కడం సకాలంలో గమనించి తెలపనందుకు! అది రాసిన చేతికి కూడా ఆ గది ఎక్కడుందో తెలియదు. ఆ మాట కొట్టేయించాలని రెండుసార్లు రాశాను. జవాబు రాలేదు.

ఇచ్చోడ

అప్పటికే క్వార్టరు ఖాళీ అయింది. పోశయ్య భార్యాపిల్లలతో ఇచ్చోడలో అత్తగారింటికి పోయాడన్నారు. ఉత్తర్వు పోస్టులో పంపితే చాలన్నారు మా ఆఫీసులో. నేను నిర్మల్ మీదుగా బస్సులు మారి పోయాను. పత్తి మిల్లు దగ్గర బోరాలు మోస్తున్నాడు. తలమీద పత్తి, కనురెప్పల మీద పత్తి.

కాగితం ఇచ్చాను. జరిగిందంతా చెప్పాను. అతుకు సంగతి, సంతకం సంగతి, డబ్బాను తన్నిన సంగతి కూడా. "తప్పు నాది పోశయ్యా," అన్నాను.

కాగితం మడిచి బనీనులో పెట్టుకున్నాడు. "నేను గప్పుడే సెప్పిన సారూ, మోటరు మూల్గుతుందని. మీరు నా దిక్కు సూడలే, ముల్లు దిక్కు సూసిండ్రు," అన్నాడు. అతని గొంతులో కోపం ఉండి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. లచ్చవ్వ చాయ్ తెచ్చి నా ముందు పెట్టి లోపలికి పోయింది. ఆ చాయ్ తాగడం నా ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని.

ఎనిమిది గంటల ఫోను

పోశయ్య తిరిగి వచ్చాడు. వేరే క్వార్టరు ఇచ్చారు, మొదటిదానికంటే చిన్నది. పంపుహౌసులో మూడు తీగలకూ అమ్మీటర్లు, అక్కడే ఒక వోల్టుమీటరు పెట్టించాను. కొత్త అతుకును నేనే పక్కన కూర్చుని వేయించాను, కొలిచి రాశాను. పెట్టె చల్లబడింది. మల్లవ్వ ఆ చలికాలం, "మంచిగనే జేసిండ్రు గని, మా సద్ది మళ్ల కట్టెలెక్క అయింది సారూ," అంది. గది పక్కన వాళ్లకు రెండు రాళ్ల పొయ్యి, దినాం కొన్ని కట్టెలు ఏర్పాటు చేయించాను. దానికి కూడా పైనుంచి ఎందుకని అడిగారు. పరీక్ష సామగ్రి అని రాశాను.

పోశయ్య దినాం పొద్దున ఎనిమిదింటికి సబ్‌స్టేషనుకు ఫోను చేసి లెక్కలు చెప్పేవాడు. ముందు వోల్టులు, తర్వాత మూడు తీగల ఆంపియర్లు. చివర నేను అడగని ఒక మాట. "పెట్టె సల్లగున్నది సారూ." పనికి వచ్చే దారిలో గదిలోకి పోయి, చేతి వెనక భాగం ఆనించి చూసి వచ్చేవాడు. అలా చూడమని అతనికి ఎవరూ చెప్పలేదు.

మొదటి నెల ఆ మాట వింటే ఊరట కలిగింది. రెండో నెల చురుక్కుమంది. ఏడాది తర్వాత అర్థమైంది, ఇది ఆగదు. పండగలొచ్చాయి, అతని పెద్దబిడ్డ పెళ్లయింది, నాకు జబ్బు చేసి లేచాను. ఎన్ని జరిగినా మా ఇద్దరి మధ్య వేరే మాట లేదు. బాగున్నవా అంటే, "వోల్టులు మూడు వందల తొంబై," అనేవాడు.

నా ఉద్యోగం ఆఖరి రోజు పొద్దున కూడా ఫోను వచ్చింది. వోల్టులు చెప్పాడు, ముప్పై మూడు, ముప్పై మూడు, ముప్పై నాలుగు అన్నాడు, పెట్టె సల్లగున్నది అన్నాడు. పెట్టేయబోతుంటే ఆపి, ఇన్నేళ్లూ అడగడానికి ధైర్యం చాలని ప్రశ్న అడిగాను.

"పోశయ్యా, దినాం చెయ్యి పెట్టి చూసే చెప్పినవా?"

తీగలో గోదావరి గాలి వినబడుతోంది.

"సూడకుండ సెప్పుడు నాకు రాదు సారూ," అన్నాడు. ఫోను పెట్టేశాడు.